ట్రంకు పెట్టెలో దొరికిన తాత

సమస్య

అమ్మా, మాది గిద్దలూరు వైపు మెట్టప్రాంతం. మా తాతవాళ్లు నలుగురు అన్నదమ్ములు. ఇప్పుడు చిన్నతాత ఒక్కడే మిగిలాడు. అయినా పండగొస్తే నాలుగిళ్ల వాళ్లం ఒకే పొయ్యి దగ్గర తింటాం. మా తాత 1963లో మిలటరీలో చేరి 1980లో ఇంటికొచ్చాడు. 1971 యుద్ధంలో ఉన్నాడు. నిరుడు ఎనభయ్యో ఏట పోయాడు. వచ్చే నెల సంవత్సరీకం. పొలం గట్టున విగ్రహం పెట్టాలని అందరూ చందాలేసుకున్నారు, శిల్పికి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. కింద ఫలకం మీద, చిన్న పుస్తకంలో తాత గురించి రాసే పని నాకప్పగించారు.

చిక్కంతా అక్కడే. తాత ఒంటి చేత్తో శత్రువు ట్యాంకును పేల్చాడని, వీరచక్ర వచ్చిందని మా పెదనాన్న చిన్నప్పటినుంచీ చెప్తాడు. మేమంతా అలాగే నమ్మాం. పుస్తకం కోసం తాత ట్రంకు పెట్టె తెరిస్తే డిశ్చార్జి బుక్కు దొరికింది. తాత ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరేనట! మెడల్స్ మూడున్నాయి: పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, ఇరవై అయిదో స్వాతంత్ర్య వార్షికోత్సవానిది. వీరచక్ర లేదు.

తాత మాతో యుద్ధం గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. వెన్నెల రాత్రుల్లో ట్రాక్టరుకు లైట్లు వేయకుండా నడిపేవాడు, బ్యాటరీ పిసినారి అని మేం నవ్వేవాళ్లం. నాన్నకు సంగతి చెప్తే, "అన్న మనసు కష్టపెట్టకమ్మా, ఆ కథ అలాగే పోనీ" అంటున్నాడు. నాయనమ్మ మాత్రం, "తుపాకీ బొమ్మ వద్దు" అని ఒక్క మాట అని ఊరుకుంది. పెదనాన్న తుపాకీ పట్టించాల్సిందేనని పట్టుబట్టాడు. నేనేం రాయాలి?

– ఒక మనవరాలు

సలహా

వీరచక్ర మాట ముందు తేల్చేద్దాం, అందులో నానబెట్టేదేమీ లేదు. పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్ర ఎవరికిచ్చినా భారత ప్రభుత్వ గెజిట్‌లో పేరు పడుతుంది. ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. పైగా మీ గిద్దలూరు చుట్టుపక్కల మాజీ సైనికులకు కొదవ లేదు. విగ్రహం చూడ్డానికొచ్చిన వాళ్లలో ఒక్క హవల్దారు చాలు, ఫలకం చదివి మూతి బిగించుకుని వెళ్లిపోవడానికి. ఆ చిన్నతనం పెదనాన్నకు కాదు, పోయినాయనకు అంటుతుంది. ఆ మాట చెక్కించకండి.

ఇక, 'డ్రైవరేనట' అని మీరు రాసిన తీరు నాకు నచ్చలేదు. 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్ లాంటి చోట్ల మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేశాయి. 16న ఢాకాలో లొంగుబాటు జరిగింది, 17న పశ్చిమాన కాల్పులు ఆగాయి. ఆ రెండు వారాలూ ముందు వరసలో ఉన్నవాడికి రొట్టెల పిండి దగ్గర్నుంచి డీజిలు, గుండ్లు దాకా సమస్తం వెనకనుంచి బండ్ల మీద రావాల్సిందే. ట్యాంకు కూడా డీజిలు రాకపోతే ఉన్నచోట ఇనప ముద్దే. శత్రు విమానాలకు కావలసింది బారులు తీరిన బండ్లే గనక రాత్రిళ్లు హెడ్‌లైట్లు ఆర్పుకుని, ముందు బండి అంచనా మీద నడపాలి. మీరు నవ్విన ఆ ట్రాక్టరు సంగతి చదవగానే నాకు ఇదే తట్టింది. కారణం అదేనని ఒట్టు పెట్టలేను. పిసినారితనమే కావచ్చు కూడా. కానీ పుస్తకంలో ఆ సంగతి రాయండి, చదివినవాళ్లు ఏమనుకుంటారో అనుకోనివ్వండి.

మెడల్స్‌నూ తక్కువ చేయొద్దు. 1972 నాటి స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్ అప్పట్లో సర్వీసులో ఉన్నవాళ్లందరికీ వచ్చిందే. పశ్చిమీ స్టార్ అలాంటిది కాదు, పశ్చిమ యుద్ధరంగంలో పనిచేసిన వాళ్లకిచ్చారు. తూర్పున చేసినవాళ్లకు పూర్వీ స్టార్. మీ తాత యుద్ధంలో ఉన్నాడనడానికి అంతకన్నా సాక్ష్యం ఎందుకు? ఏం మోశాడో, ఏ ఊరి దగ్గర మోశాడో డిశ్చార్జి బుక్కులో లేకపోతే అది ఊహించి రాయకండి. వివరాలు కావాలంటే ఆయన ఆర్మీ నంబరు వేసి, నాయనమ్మ సంతకంతో బెంగళూరులోని ఆర్మీ సర్వీస్ కోర్ రికార్డు ఆఫీసుకు రాయొచ్చు. ఎలా రాయాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెప్తారు. సంవత్సరీకంలోపు జవాబొస్తుందని మాత్రం లెక్కేసుకోకండి.

అసలు కష్టం పెదనాన్నతో. ఆయన వయసెంతో మీరు రాయలేదు గానీ, యుద్ధం నాటికి ఆరేడేళ్ల పిల్లాడై ఉంటాడు. తండ్రి ఏడాదికోసారి సెలవు మీద వస్తాడు, ఇల్లు అలవాటయ్యేలోపు మళ్లీ రైలెక్కుతాడు. ఆ రోజుల్లో జవానుకు ఉత్తరం రాయాలంటే నంబరు, పేరు, యూనిట్ రాసి, కేరాఫ్ 56 ఏపీవో అనో 99 ఏపీవో అనో వేయాలి. ఊరి పేరుండదు. నాన్న ఎక్కడున్నాడంటే ఇంట్లో ఎవరికీ తెలియదు, బడిలో పిల్లలు మాత్రం అడుగుతూనే ఉంటారు. అలాంటి పిల్లాడు తండ్రికి ఒక ట్యాంకును కల్పించి ఇచ్చుకుంటే దాన్ని అబద్ధమని నలుగురి ముందూ కడిగేయడం ధర్మం కాదు. అలాగని రాతి మీదా ఎక్కించలేం. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో డిశ్చార్జి బుక్కు ఫొటో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. పెట్టె పట్టుకుని పెదనాన్న దగ్గరికి ఒక్కరే వెళ్లండి. మెడల్ అంచు మీద మీ తాత నంబరూ పేరూ చెక్కి ఉంటాయి. ఆయన చేతికిచ్చి ఆయన్నే చదవమనండి. తర్వాత, "పెదనాన్నా, తాత సెలవు మీద వచ్చిన రోజులు నువ్వు చెప్పు, నీ పేరుతోనే పుస్తకంలో వేస్తా" అని అడగండి. కోపం వస్తే రానివ్వండి, మర్నాడు మళ్లీ వెళ్లండి. పెద్దకొడుకును పక్కన పెట్టి ఆ పుస్తకం వేయొద్దు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట ఇంకోటుంది, నలుగురు అన్నదమ్ములన్నది. చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని బాగా పెంచారు, 1963లో అందుకే అంతమందిని తీసుకున్నారు. మెట్ట సేద్యం నాలుగు కుటుంబాలను మోయలేక ఒకడు వెళ్లి ఉండొచ్చు. ఆయన మనియార్డర్ పంపితే, ఆయన వాటా చేను ఎవరు దున్నారు? పిల్లలకు జ్వరమొస్తే గిద్దలూరు ఆస్పత్రికి ఎవరు మోసుకెళ్లారు? చిన్నతాతను అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టే, మీ భాషలోకి మార్చకుండా రాసుకోండి. ఆ పదిహేడేళ్లలో మీ ఇంట్లో నలుగురూ తలో చెయ్యి వేశారు. పుస్తకంలో యుద్ధానికి రెండు పేజీలిస్తే దీనికి పదివ్వండి.

నాయనమ్మను మాత్రం ప్రశ్నల కాగితం పట్టుకుని కూర్చోబెట్టకండి. పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తూ వినండి. చెప్పనిది అడగొద్దు. మొగుడు ఆమెకు చెప్పుకున్నవన్నీ మనకు చెందవు.

ఫలకానికి ఇంతే సరిపోతుంది: పేరు, ఆర్మీ నంబరు, ఆర్మీ సర్వీస్ కోర్ డ్రైవర్, 1963–1980, 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున పనిచేశాడు, పశ్చిమీ స్టార్. కింద అన్నదమ్ముల పేర్లు వేయాలనిపిస్తే వేయండి.

తుపాకీ విషయంలో నాయనమ్మ మాటే చివరి మాట. శిల్పికి ఇవాళే ఫోను చేయండి. మట్టి నమూనా మీద ఉంటే చెయ్యి మార్చడం తేలిక, పోత పోశాక ఇంకో అడ్వాన్సు అడుగుతాడు.