కప్పడం వేరు, కడగడం వేరు



బడిపిల్లవాడి తెల్ల చొక్కా పచ్చబడితే తల్లి ఏం చేస్తుంది? ఇంకాస్త నీలిమందు వేస్తుంది. చొక్కా తెల్లబడదు సరికదా, నీలి మచ్చలు పడతాయి. కారణమేమిటి? నీలిమందు మురికిని తీయదు. పచ్చని ఛాయ కంటికి కనబడకుండా చేస్తుంది, అంతే. కాబట్టి ముందు మురికి పోవాలి.

మన పెద్దలకు ఈ క్రమం బాగా తెలుసు. రజక సోదరులు బట్టలను చవుడు కలిపిన నీళ్లలో ముంచి, బానకెత్తి ఆవిరి పట్టించి, రేవులో ఉతికి ఎండవేసేవారు. చవుడులోని క్షారం జిడ్డును వదిలిస్తుంది. వేడి ఆ పనిని త్వరపరుస్తుంది. ఎండ మిగిలిన మరకను మెల్లగా వెలిసేట్లు చేస్తుంది.

ఇంట్లో మనమూ ఇలా చేద్దాం:

1. బకెట్టు వేడినీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా కరిగించి, తెల్ల నూలు బట్టలను గంటసేపు నానబెట్టాలి. పట్టు, ఉన్ని బట్టలకు ఇది పనికిరాదు.

2. సబ్బుతో ఉతికి, నురుగు పూర్తిగా పోయేదాకా జాడించాలి. మిగిలిన సబ్బే తర్వాత బట్టను పచ్చబరుస్తుంది.

3. చివరి నీళ్లలో కొద్దిగా నీలిమందు బాగా కలిపి, ఆ తర్వాతే బట్ట ముంచి, మంచి ఎండలో ఆరవేయాలి.

4. ఇనుప తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఉంచి కడగాలి.

ఒక హెచ్చరిక: బ్లీచింగ్ పౌడరును నిమ్మరసంతోగాని, యాసిడ్‌తోగాని ఎన్నడూ కలపరాదు. క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. మూసిన స్నానాల గదిలో అది ప్రాణాలకే ముప్పు.

తెల్లదనం కొనుక్కునే వస్తువు కాదు. మురికి వదిలితే మిగిలేదే తెలుపు.