సోమశిల నీళ్లకు గాలంతో వెళ్లేవారికి

సందేహాలు – సమాధానాలు

వీపనగండ్ల నుంచి ఓ పాఠకుడు: కొండల మధ్య నీళ్లు, జనం తక్కువ, కాసేపు గాలం, కాసేపు నడక. హిమాలయాల దాకా పోయే స్తోమత లేదు. మన దిక్కు అలాంటి చోటు ఉందా?

ఉందండీ. కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్లు పోతే సోమశిల. కృష్ణమ్మ అక్కడ నల్లమల కొండల మధ్యకు మళ్లుతుంది. అది పుట్టు సరస్సు కాదు, శ్రీశైలం ప్రాజెక్టు వెనక నిలిచిన నీరు. నిండుమట్టం 885 అడుగులు. ఆ నీటి అడుగున ఊళ్లున్నాయి, పొలాలున్నాయి. మునిగిపోయే జటప్రోలు, సోమశిల గుళ్లను రాళ్లు విప్పి తెచ్చి మెరకన మళ్లీ కట్టారు. వాటిని చూశాకే ఒడ్డుకు వెళ్లమంటాను. ఎవరి నేల మీద నిలిచిన నీళ్లో తెలిసి చూడటం వేరు.

నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. అమరగిరి వైపు ఒడ్డు వెంట పోవచ్చు. కొండల్లోకి మాత్రం సొంతంగా ఎక్కకండి. అటు అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, దాని హద్దు నేల మీద గీసి ఉండదు. ముందే అటవీ సిబ్బందిని అడగండి. ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గిన చోట పైన ఎండి పగుళ్లిచ్చినా లోపల ఒండ్రు మెత్తగానే ఉంటుంది. పిల్లల్ని అటు దింపవద్దు.

పెబ్బేరు నుంచి ఓ పాఠకుడు: తొలకరిలో కొర్రమీను బాగా పడుతుందంటారు. గాలం వేయవచ్చా?

పడుతుంది. అందుకే వేయవద్దంటున్నాను. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన ఈ కొర్రమీను వానల కాలంలో నాచు, తుంగ ఉన్న లోతులేని నీళ్లలో గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ రెండూ కాపలా కాస్తాయి. పిల్లలు ఎర్రగా గుంపు కట్టి గాలి కోసం పైకి తేలుతుంటాయి. ఆ గుంపు కనిపించిందంటే కింద పెద్దచేప ఉన్నట్టే. గాలం అక్కడే వేస్తారు. దగ్గరికొచ్చిన దేన్నయినా కరవబోయే చేప కదా, ఇట్టే చిక్కుతుంది. దాన్ని తీసేస్తే ఆ వందల పిల్లలు మిగతా చేపలకు మేతే. ఒక్క పూట కూరకు ఒక కాన్పంతా పోతుంది. వానలు వెళ్లేదాకా ఆగండి. అప్పుడు కూడా చిన్నవి పడితే తడిచేత్తో పట్టుకుని నీళ్లలో వదలండి.

ఇంకో మాట. ఊరి చెరువులో చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది, రిజర్వాయర్‌లో మత్స్యశాఖ లైసెన్సు ఉన్నవారిది. ముందుగా వాళ్లను అడగాలి. మనకది సరదా, పుట్టిలో రాత్రంతా వల కాసేవాళ్లకు బతుకు. దోమతెర లాంటి అలివి వలతో పిల్లచేపల్ని ఊడ్చేవాళ్లు కనిపిస్తే మత్స్యశాఖకు చెప్పండి. ఆ వల మీద నిషేధం ఉంది.

కొల్లాపూర్ నుంచి ఓ పాఠకురాలు: పుట్టిలో ఎక్కించుకుంటామంటున్నారు. ఎక్కవచ్చా?

లైఫ్ జాకెట్ లేకుండా వద్దమ్మా. 2007 జనవరిలో మీ మంచాలకట్ట దగ్గరే పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. గాలి లేస్తే ఈ నీటి మీద అలలు పెద్దవవుతాయి. మబ్బు పట్టినా, ఎగువన జూరాల గేట్లు ఎత్తారని విన్నా, ఆ రోజుకు ఒడ్డునే ఉండండి.