నీలం మందు సీసా మీద ఒక శాతం



హోసూరులో ఉంటూ ఫార్మసీ డిప్లొమా చదివే రోజులలో గ్రామ్ స్టెయిన్ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. 1884లో డెన్మార్కు వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన పద్ధతి అది. జెన్షన్ వయొలెట్ రంగును పట్టి ఉంచుకొనే బాక్టీరియాను గ్రామ్ పాజిటివ్ అంటారు. అంతా కంఠస్థం. మా ఇంటి అలమారాలోని నీలం మందు కూడా ఆ రంగేనని మాత్రం నాకు తట్టలేదు.

అప్పుడు మా అక్క బిడ్డకు మూడో నెల. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు పూసినట్టు తెల్లపొర కట్టింది. పాల మరకైతే తుడిస్తే పోతుంది. ఇది తుడిస్తే ఊడదు, గట్టిగా రుద్దితే కింద ఎర్రగా పచ్చిపుండు కనబడుతుంది. కాండిడా అనే శిలీంధ్రం వల్ల వచ్చే నోటిపూత ఇది. మా అవ్వ వెలిగారం తేనెలో నూరి పూయమంది. (వెలిగారం కడుపులోకి పోతే విషం. ఏడాది లోపు బిడ్డకు తేనె కూడా పనికిరాదు, బొట్యులిజం రావచ్చు.) మందుల షాపులో మాత్రం "తగ్గేదాకా నీలం మందు పూయండి" అన్నారు. మూడు వారాలు పూశాము. తెల్లపొర పోయింది గాని పెదవి లోపల కొత్త పుండ్లు లేచాయి, బిడ్డ పాలు తాగడం మానేసింది.

పిల్లల డాక్టరు సీసా తెప్పించి, "ఇది ఎంత శాతం?" అని నన్నే అడిగారు. చెప్పలేకపోయాను. లేబులు మీద 1 శాతం అని అచ్చయి ఉంది.

అంటే 100 మి.లీ. ద్రావణంలో 1 గ్రాము రంగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ శిశుచికిత్స పద్ధతిలో నోటికి చెప్పినది 0.25 శాతం. ఒక పాలు మందు, మూడు పాళ్ళు నీరు అన్నమాట. లెక్క తెలియడానికి చెప్పాను, ఇంట్లో కలపకండి. ఈ రంగు సూక్ష్మజీవి పొరను, డి.ఎన్.ఏ.ను పట్టుకొని దాని పెరుగుదలను ఆపుతుంది. గాఢత ఎక్కువైతే, ఎక్కువ రోజులు పూస్తే, లేత నోటిని కూడా పొక్కిస్తుంది. మందు ఆపాక నాలుగు రోజులలో మా బిడ్డ పుండ్లు మానాయి.

జంతువులపై జరిగిన పరిశోధనలను బట్టి క్యాన్సర్ ప్రమాదం ఉండవచ్చని 2019లో కెనడా ఆరోగ్య శాఖ ఈ మందుపై హెచ్చరించింది. నిస్టాటిన్ చుక్కల వంటి వేరే మందులు ఉన్నాయి, డాక్టరును అడగండి. తల్లి చనుమొనలకు కూడా ఇదే సోకి ఉంటే ఇద్దరికీ ఒకేసారి వైద్యం చేయించాలి. పెద్దవారిలో తెల్లపూత మళ్ళీ మళ్ళీ వస్తుంటే షుగరు పరీక్ష చేయించండి. ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారు పీల్చిన ప్రతిసారీ నీళ్ళతో నోరు పుక్కిలించాలి.

ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీకి పోతోంది. అప్పటి దిండు గలీబు అక్క దగ్గర ఇంకా ఉంది, ఊదా మరక పోలేదు.