గోను తుఫాను వార్త ఏ ఫాంటులో ఉంది?

2007 జూన్‌లో గోను తుఫాను ఒమన్ తూర్పు కొసన ఉన్న రాస్ అల్ హద్ ప్రాంతాన్ని తాకింది. దేశంలో దాదాపు 50 మంది చనిపోయారు. రాస్ అల్ హద్‌కి దగ్గర్లోనే ఉంది సూర్. అక్కడ ఖల్హాత్‌లోని గ్యాస్ ప్లాంటు, ఇఫ్కో, క్రిభ్‌కో భాగస్వాములుగా వచ్చిన ఎరువుల ఫ్యాక్టరీ మనదేశం వాళ్ళెందరికో బతుకుతెరువు చూపించాయి. నేనూ అప్పుడు సూర్‌లోనే ఉన్నాను. కరెంటూ నెట్టూ తిరిగి వచ్చాక, తుఫాను గురించి తెలుగు పత్రికల సైట్లలో వచ్చిన పేజీలు కొన్ని సీడీలో దాచుకున్నాను.

మొన్న ఆ సీడీ తెరిచాను. ఫైళ్ళు చెక్కుచెదరలేదు కానీ ఒక్క ముక్క చదవలేకపోయాను. తెర నిండా లాటిన్ అక్షరాలు, వాటి మీద చుక్కలు, గీతలు!

ఇప్పుడు వందేళ్ళు వెనక్కి వెళ్దాం. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టింది బొంబాయిలో, అంటే పొట్టచేత పట్టుకుని ఊరు విడిచిన తెలుగువాళ్ళ మధ్య. 1914లో అది మద్రాసు చేరి దినపత్రిక అయింది, 1991లో ఆగిపోయింది. ప్రవాసుల పత్రికలన్నిటి కథా ఇంచుమించు ఇంతే. ఎవరో ఒకరు పూనుకుంటారు, కొన్నాళ్ళు నడుస్తుంది, డబ్బో ఓపికో అయిపోతే ఆగుతుంది. కానీ ఆగిపోయిన ఆంధ్రపత్రిక పాత సంచిక దొరికితే, తెలుగు వచ్చినవాళ్ళెవరైనా చదవగలరు. 1908 నాటి కాగితం చదవగలం, 2007 నాటి ఫైలు చదవలేం. ఎందుకని?

కారణం ఫాంటు. అప్పట్లో చాలా తెలుగు సైట్లు 256 గళ్ళ ఫాంట్లు వాడేవి. లాటిన్ అక్షరాలుండే గళ్ళలో తెలుగు ముక్కలు పెట్టేవారు: ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో గుడి, మరో గడిలో వత్తు. ఫైల్లో ఉండేది గడి నంబరు మాత్రమే. ఏ నంబరుకి ఏ ముక్కో ఫాంటుకే తెలుసు. పైగా ఏ పత్రిక అమరిక దానిదే! ఫాంటు పోతే వార్త పోయినట్టే. సెర్చింజన్లకీ అది తెలుగుగా కనబడేది కాదు.

యూనికోడ్‌లో అలా కాదు. ‘క’ అంటే ఎక్కడైనా 3093. ఫాంటు మారితే అందం మారుతుంది కానీ అక్షరం మారదు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చాక యూనికోడ్ తెలుగు మామూలు కంప్యూటర్లకి చేరింది. 1998లో మొదలైన ‘ఈమాట’ పాత సంచికలు ఈనాటికీ హాయిగా చదువుకోగలుగుతున్నామంటే, వాటిని యూనికోడ్‌లోకి తేవడం వల్లనే.

మీ దగ్గరా ఇలాంటి పాత పేజీలుంటే ఇలా చేయండి.

1. పేజీ సోర్సు తెరిచి ఫాంటు పేరు చూడండి. ఆ ఫాంటు ఫైలు సంపాదించి, పేజీతో పాటే దాచండి.

2. గడి నంబరుకీ యూనికోడ్ అక్షరానికీ పట్టిక రాసుకోండి. పాత ఫాంట్లలో ముక్కల వరస కంటికి కనిపించే తీరులో ఉంటుంది, యూనికోడ్‌లో పలికే తీరులో ఉంటుంది. కాబట్టి నంబర్లు మారిస్తే చాలదు, వరసా సరిచేయాలి.

3. మార్చాక మనిషి చేత చదివించండి. మూలం ఫైలు మాత్రం చెరపకండి.

ఒకప్పుడు ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఈ పని బ్రౌజర్లోనే చేసేది. 2017లో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపేసింది. పనిముట్టు మీద ఆధారపడితే ఇంతే మరి!

ఇప్పుడంతా యూనికోడే కదా, ఇంకేం భయం అంటారా? 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఒమన్ ప్రభుత్వం పత్రికల ముద్రణనే నిలిపేసింది. ఆ రోజుల్లో విమానాల కబుర్లు, ఎంబసీ ప్రకటనలు, ఎవరికి సాయం కావాలన్న సమాచారం, అన్నీ మాకు వాట్సాప్‌లోనే అందాయి. అక్షరం యూనికోడే, కానీ ఉన్నది మన ఫోన్లలో. ఫోను పోతే అదీ పోతుంది. రేపు సూర్‌లో దిగే కుర్రాడికి మన అనుభవం ఎక్కడ దొరుకుతుంది?

పత్రిక నడపడం అందరికీ సాధ్యం కాదు. వచ్చిన వార్తకి తేదీ వేసి, మామూలు టెక్స్టు ఫైలుగా రెండుచోట్ల దాచడం మాత్రం మన వృత్తిలో రోజూ చేసే పనే. నా సీడీలో ఇంకా ఏడు పేజీలు మార్చాల్సి ఉంది. ఈ శుక్రవారం సెలవుకి అదే పని.