ఇంటర్వ్యూ కోసం వేరే మనిషి కానక్కర్లేదు

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. ఆటిజం ఉందని ఇంటర్‌లో తెలిసింది. బీటెక్ పూర్తయింది. కోడింగ్ టెస్టులు ఇట్టే పాసవుతాను. ఇంటర్వ్యూ అనేసరికి గొంతు పెగలదు. 'మీ గురించి చెప్పండి' అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటం ప్రాక్టీస్ చెయ్యమని కోచింగ్‌లో పోరుతున్నారు. ఏం చెయ్యను?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు ఆ ప్రాక్టీస్ మానెయ్యండి. ధ్యాసంతా చూపు మీదే ఉంటే అడిగిన ప్రశ్న చెవికెక్కదు. 'ఆలోచించేటప్పుడు పక్కకి చూస్తాను, మీరు చెప్పేది వింటూనే ఉంటాను' అని మొదట్లోనే చెప్పేయండి.

'మీ గురించి చెప్పండి' అంటే జీవిత కథ అడుగుతున్నారని కాదు. ఏం చదివారు, ఏం చేశారు, ఈ ఉద్యోగం ఎందుకు కోరుకుంటున్నారు... ఈ మూడే వాళ్లకి కావాలి. ఒక్కోదానికి రెండేసి వాక్యాలు రాసుకుని పైకి చదవండి. 'కాలేజీ లైబ్రరీకి ప్రోగ్రాం రాశాను, ఒకే పుస్తకం రెండుసార్లు ఎక్కితే పట్టేస్తుంది' అన్నట్టు, చేసిన పనిని ఉన్నదున్నట్టు చెప్పండి. బలహీనత గురించి అడిగితే దాచకండి: 'నాలుగు పనులు ఒకేసారి నోటితో చెబితే తికమకపడతాను. అందుకే రాసుకుంటాను.'

ఇంటర్వ్యూకి ముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. ఎంతమంది ఉంటారు, ఎంతసేపు, ఏయే అంశాలు అని అడగండి. ప్రశ్నలు రాతపూర్వకంగా కూడా ఇమ్మనండి. వీలుంటే చిన్న పని ఇచ్చి చూడమనండి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. కొడుక్కి ఆటిజం ఉందని తెలిశాక డెన్మార్క్‌లో థోర్కిల్ సొన్నే 2004లో స్పెషలిస్టర్నే అనే సంస్థ పెట్టారు. అక్కడ అభ్యర్థుల చేత లెగో రోబోలు చేయించి పనితనం అంచనా వేశారు. 2013లో సాఫ్ట్‌వేర్ సంస్థ ఎస్‌ఏపీ కూడా ఆ సంస్థతో చేతులు కలిపింది. మీ పనితనం మీ పనిలోనే కనబడుతుంది. దాన్ని చూపించే అవకాశం అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మా అమ్మాయికి డిస్లెక్సియా. ఆ సంగతి కంపెనీకి చెప్పాలా? చెబితే పక్కన పెట్టేస్తారని భయం.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: చెప్పాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టం. ఏ సాయమూ అక్కర్లేకపోతే ఇంటర్వ్యూలో చెప్పనక్కర్లేదు. రాత పరీక్షకి ఎక్కువ సమయం కావాలంటే మాత్రం ముందే చెప్పాలి. డిస్లెక్సియా అన్న పేరు చెప్పి ఊరుకుంటే ఎదుటివాళ్లకి ఏమీ బోధపడదు. 'చదవడానికి నాకు కాస్త సమయం పడుతుంది, 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వండి' అంటే ఏం చెయ్యాలో తెలుస్తుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ప్రైవేటు సంస్థలు సైతం సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని ఆ చట్టమే చెబుతోంది. ఆ విధానం చూపించమని హెచ్‌ఆర్‌ని అడగొచ్చు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌కి అర్హత వస్తుంది. యూడీఐడీ (దివ్యాంగుల విశిష్ట గుర్తింపు) కార్డుకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టించండి.

మీకో మాట. కంపెనీ నుంచి ఫోన్ వస్తే మీరు అందుకోకండి. పక్కన కూర్చోండి, కావాలంటే అడగాల్సినవి కాగితం మీద రాసివ్వండి. మాట్లాడటం మాత్రం అమ్మాయికే వదిలేయండి. రేపు ఆఫీసులో తనకేం కావాలో తనే అడగాలి కదా, ఆ అలవాటు ఇప్పుడే మొదలవ్వాలి.