‘ఇంప్లోర్’ – ‘కేణపేక్షిక్కుక’ – ‘వేఁడు’ : ఒక అర్థవిచారము

తిరువూరు రెవిన్యూ కార్యాలయమునకు పాసుపుస్తకము కొఱకో పింఛను కొఱకో వచ్చు రైతు చేతిలోని కాగితమునకు అర్జీ యని పేరు. దాని చివర ‘కోరుచున్నాను’ అనియో, ‘ప్రార్థించుచున్నాను’ అనియో, ‘వేడుకొనుచున్నాను’ అనియో ఉండును. వ్రాయువాఁడు ఈ మూఁటిని ఒక్కటిగనే తలఁచును. అధికారి యాజ్ఞపై పైయధికారి నాశ్రయించినచో అది ‘అప్పీలు’ అగును. ఆంగ్లములోని ‘అప్పీల్’ అను క్రియకు లాటిన్ మూలమున ‘సంబోధించుట, పిలుచుట’ అని యర్థము. అందు దైన్యము లేదు. దైన్యము గల క్రియ వేఱొకటి కలదు, అది ‘ఇంప్లోర్’. మన అనువాదములలో ఈ రెండును తఱచుగా ఒకే మాటతో సరిపుచ్చఁబడుచున్నవి. ఇది చిన్న దోషము కాదు. హక్కును తెలుపుకొనువాఁడు యాచకుఁడుగా మాఱిపోవును.

‘ఇంప్లోర్’ లోని ప్రధానాంశము లాటిన్ ‘ప్లోరారే’, అనఁగా బిగ్గఱగా ఏడ్చుట. కావున ఏడ్చుచు అడుగుటయే ఈ క్రియకు వ్యుత్పత్త్యర్థము. మలయాళమున దీనికి చెప్పు ‘కేణపేక్షిక్కుక’ అను మాట ఆశ్చర్యకరముగా ఈ వ్యుత్పత్తికే సరిపడుచున్నది. ‘కేణు’ అనఁగా ఏడ్చి. ‘అపేక్షిక్కుక’ అనఁగా అడుగుట. ఆ భాషలో ‘అపేక్షిక్కుక’ ఒంటిగా నున్నపుడు సాధారణమైన కోరికయే; దరఖాస్తుకు సైతము ‘అపేక్ష’ యనియే వాడుక. దైన్యము కావలసినచో ‘కేణు’ చేర్పవలసినదే. అభ్యర్థిక్కుక, యాచిక్కుక అనునవియు మలయాళమున కలవు. మొదటిది మర్యాదకు, రెండవది బిచ్చమునకు దగ్గఱ.

తెలుగున ‘అపేక్ష’ అడుగుట కాదు. అది మనస్సులోని కోరిక మాత్రమే. సంస్కృతమున ‘అప’ పూర్వకమైన ఈక్షధాతువునకు ఎదురుచూచుట, అవసరము కలిగియుండుట అని యర్థములు. తెలుగు వాడుక ఆ మనోవ్యాపారమునందే నిలిచినది. మలయాళము దానిని నోటి మాటగా, చేతి కాగితముగా మార్చినది. ఆంధ్రదేశమున నుద్యోగించు కేరళీయ ఉపాధ్యాయిని తన భాషాభ్యాసముచే ‘రెండు దినముల సెలవు అపేక్షించుచున్నాను’ అని తెలుగున వ్రాసెనేని, ఆమె తలఁచిన వినయము ప్రధానోపాధ్యాయునికి చేరదు. సెలవుపై ఆమెకు గల మక్కువ మాత్రము చేరును. పదము రెండు భాషలకును సమానమైనను తాత్పర్యము సమానము కాకపోవుట కింతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు.

ఇఁక దేశ్యమైన ‘వేఁడు’ ధాతువును చూతము. ఇందలి అరసున్న వ్యర్థము కాదు. ‘వేండు’ అను పూర్ణబిందు రూపమునకు అది సాక్షి. తమిళమున ‘వేణ్డు’ అనఁగా కోరుట, వేఁడుట. కన్నడమున ‘బేడు’ అనఁగా అడుగుట. మలయాళమున ఇదే ధాతువు ‘వేణం’ (కావలెను), ‘వేణ్డ’ (వద్దు) అను రూపములతో దినదినమును ఇంటింట వినఁబడుచున్నది. ఆ పనికి తెలుగున ‘వలయు’, ‘వలదు’ అనునవి వేఱుగ కలవు. కావున ‘వేఁడు’ ప్రార్థనకే మిగిలినది. అనఁగా తెలుగు తన దేశ్యధాతువును ప్రార్థనకును, సంస్కృతపదమును కోరికకును ఉంచుకొన్నది. మలయాళమున దీనికి సరిగా తాఱుమాఱు: దేశ్యము కోరికకు, సంస్కృతము ప్రార్థనకు. సోదరభాషలు రెండును ఒకే సొత్తును పంచుకొని, చెఱియొక గదిలో దాచుకొన్నట్లున్నది.

అట్లయిన ‘ఇంప్లోర్’కు ‘వేఁడుకొను’ చాలునా? చాలదు. వేఁడుటలో వినయము కలదు, కన్నీరు అవశ్యము కాదు. ‘ప్రాధేయపడు’ అనునది రూపమున సంస్కృతమువలె కన్పించినను సంస్కృత నిఘంటువులలో ఈ యర్థమున ప్రసిద్ధి లేదు. పైగా అందు పట్టువిడువని బతిమాలుటయే ప్రధానము. ‘మొఱవెట్టు’ ఒక్కటియే ఏడ్పును, పిలుపును, ప్రార్థనను కలిపి చెప్పును. పోతన గజేంద్రుని కథ చదివిన వానికి ‘మొఱ’ యనిన వేఱు వ్యాఖ్యానమక్కఱలేదు. అందు ఏనుఁగు బలముడిగిన పిమ్మటనే మొఱ పుట్టుట గమనింపఁదగినది.

శాస్త్రకారులు ఈ భేదములను ఉపేక్షింపలేదు. పాణిని లిఙ్ లకారమునకు అర్థములు చెప్పుచు (మూఁడవ యధ్యాయము, మూఁడవ పాదము, 161వ సూత్రము) ప్రార్థనమును, సత్కారపూర్వకముగ ఒక కార్యమునందు నియోగించు అధీష్టమును వేర్వేఱుగ నిర్దేశించెను. గురువును ‘మా బాలునికి చదువు చెప్పుఁడు’ అని కోరుట అధీష్టము. అది యాచన కాదు. ధాతుపాఠమున భిక్షధాతువు లభించినను లభింపకున్నను అడుగుటను చెప్పును. నాథృధాతువునకు యాచనయు ఐశ్వర్యమును రెండును అర్థములుగా పఠింపఁబడినవి! అడుగుటకును ఏలుటకును ఒకే ధాతువు కలుగుట రసికులు విచారింపవలసిన విషయము.

‘విజ్ఞప్తి’, దాని బంధువైన ‘విన్నపము’ ఈ పఙ్క్తిలోనివి కావు. వాని మూలము తెలియఁజేయుట. కావున పౌరుఁడు తన హక్కును గూర్చి అధికారికి వ్రాయునపుడు, అధికారి ప్రజలకు ప్రకటన చేయునపుడు, ‘అప్పీల్’కు విజ్ఞప్తియే తగిన మాట. న్యాయస్థానమునకు సంబంధించిన చోట ‘అప్పీలు’ అనియే యుంచుట మేలు; అది తెలుగైపోయినది. వఱదలో చిక్కినవాని కేకకు మాత్రము ‘మొఱ’ కావలెను.

విభక్తియు ఇందులకు తోడ్పడును. యాచధాతువు ద్వికర్మకము, కౌముదిలో బలియు, అతని నడిగిన భూమియు రెండును ద్వితీయాంతములే. తెలుగున వేఁడుటకును అదియే మార్గము: ‘దేవుని వరము వేఁడెను’. విజ్ఞప్తికి మాత్రము ‘ప్రభుత్వమునకు’ అని షష్ఠి. మలయాళమున అపేక్షిక్కుకకు ‘ఓడు’ ప్రత్యయము వచ్చును: ‘సర్కారినోడు’. ఇది మన ‘రాజుతో విన్నవించెను’ లోని ‘తో’ వంటిది. తెలుగు వినువానిని చెప్పుటలో ‘తో’, అడుగుటలో ‘ని’ చేర్చి వేఱుచేయుచుండగా, మలయాళము అడుగుటను సైతము చెప్పుటలోనే చేర్చుకొన్నది.