తెలుగు దుబాసీని అడగడం మీ హక్కు

ప్రశ్న: న్యూయార్క్‌లో మాతో ఉంటున్న అత్తగారికి ఇంగ్లీషు రాదు. సిటీ ఆఫీసుకి మా పదేళ్ల అబ్బాయిని తోడు పంపితే చాలదా?

జవాబు: చాలదండి. 2017 నాటి న్యూయార్క్ నగర స్థానిక చట్టం 30 ప్రకారం, ప్రజలకు నేరుగా సేవలందించే నగర శాఖలు కనీసం 100 భాషల్లో ఫోన్ ద్వారా దుబాసీ సాయం ఏర్పాటు చేయాలి. దానికి మీరు పైసా కట్టనక్కర్లేదు. ఎక్కువగా పంచే పత్రాలను తప్పనిసరిగా అనువదించి ఇవ్వాల్సింది మాత్రం పది భాషల్లోనే. అందులో బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి తెలుగువాళ్లకి కాగితం కన్నా నోటిమాటే ఆధారం, ఆ మాట చేరవేసేవారు పనితెలిసినవారై ఉండాలి. నానమ్మ జబ్బు గురించో అద్దె బకాయి గురించో చెప్పాల్సి వస్తే పిల్లాడు సగం మింగేస్తాడు, అర్థంకాని సగం కల్పిస్తాడు. తప్పు నమోదైతే దిద్దించుకోవాల్సింది మీరే.

దుబాసీ కోసం కాసేపు ఆగాలి, గుమస్తా విసుక్కుంటారనే జంకూ ఉంటుంది. నిజమే, కానీ దరఖాస్తు మళ్లీ పెట్టుకోవడం కన్నా ఆ నిరీక్షణే నయం. భాష అడిగితే ‘ఇండియన్’ అనకుండా ‘తెలుగు’ అనమనండి, లేదంటే హిందీవారిని కలిపేస్తారు! సాయం నిరాకరిస్తే నగర సహాయ నంబరు 311కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. కోర్టులు మాత్రం నగరానివి కావు, రాష్ట్రానివి, కాబట్టి అక్కడ దుబాసీని విడిగా, ముందుగానే అడగాలి.